పాత చింతకాయ పచ్చడి అన్నారు, అందుకే ఈ ఉత్తరం

సంపాదకులు గారికి,

నమస్కారం. 2025 ఫిబ్రవరి 4న మీ పత్రికలో గ్రామీ అవార్డుల వార్త చదివాను. చెన్నైలో పుట్టిన చంద్రికా టాండన్ గారి 'త్రివేణి'కి అవార్డు వచ్చిందని ఫొటోతో పెద్దగా వేశారు, సంతోషం, వేయాల్సిందే. దాని కింద ఉత్తమ రాక్ ఆల్బమ్ గురించి రెండంటే రెండు వాక్యాలున్నాయి. రోలింగ్ స్టోన్స్ అనే ఎనభై దాటిన ముసలివాళ్ళ బ్యాండుకు ఇచ్చారని ఒకటి, ఈమధ్య పాత చింతకాయ పచ్చడికి కూడా అవార్డులు ఇచ్చేస్తున్నారని రెండోది. చదివినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. వారం రోజులు ఆగి చూశాను, అయినా తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

అవార్డు వచ్చిన ఆ ఆల్బమ్ 'హాక్నీ డైమండ్స్' విని, బాగాలేదని రాసి ఉంటే నాకు కోపం వచ్చేది కాదు. ఎవరి చెవి వాళ్ళది. కానీ ఆ రెండు వాక్యాలు రాసినాయన ఒక్క పాట కూడా వినలేదని నాకు గట్టి నమ్మకం, ఎందుకంటే విన్నవాడు పాట గురించి ఒక్క ముక్కైనా రాయకుండా ఉండలేడు. వయసు చూసి కొట్టేశారు. ఆ వయసైనా సరిగ్గా చూడలేదు. అవార్డు వచ్చిన నాటికి పాటగాడు మిక్ జాగర్‌కీ, గిటార్ వాయించే కీత్ రిచర్డ్స్‌కీ 81, నిజమే. ఇంకో గిటార్ వాయించే రోనీ వుడ్‌కు 77. ఇప్పుడు డ్రమ్స్ వాయిస్తున్న స్టీవ్ జోర్డాన్‌కు 68. ఇంకో సంగతి కూడా వదిలేశారు: ఉత్తమ రాక్ ఆల్బమ్ అనే విభాగం గ్రామీ వాళ్ళు మొదటిసారి పెట్టింది 1995లో, ఆ తొలి అవార్డు వచ్చింది కూడా వీళ్ళకే. సరిగ్గా ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే మెట్టు ఎక్కారు. వార్త అంటే అది కదండీ.

నేను అనంతపురంలో పాతికేళ్ళుగా ఆర్కెస్ట్రాలో ఆక్టాప్యాడ్, అంటే కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ముల ప్యాడ్, వాయిస్తున్నాను. పెళ్ళి రిసెప్షన్లు, వినాయక చవితి, జాతర్లు, ఎప్పుడైనా కాలేజీ ఫంక్షన్లు. మా దగ్గర ఎవరూ ఇంగ్లిష్ రాక్ పాట అడగరు, మేమూ వాయించం. కానీ నా చేతికి కర్రలు పట్టించింది ఆ సంగీతమే. తొంభైల్లో మా అన్న బెంగళూరులో పనిచేసేటప్పుడు తెచ్చిన ఒక క్యాసెట్టు, ఒక పక్క దాదాపు అరిగిపోయింది, దాన్ని పెట్టుకొని మా ఇంట్లో స్టీలు డబ్బాల మీద వాయించి వాయించి అమ్మ చేత తిట్లు తిన్నాను.

2003 ఏప్రిల్ 4న వాళ్ళు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. ఇండియాలో అదే వాళ్ళ మొదటి కచేరీ. సార్స్ అంటువ్యాధి భయంతో చైనా కచేరీలు రద్దయిన రోజులవి, ఇక్కడికైనా వస్తారో రారో అని నాకు చివరిదాకా టెన్షనే. మా ఆర్కెస్ట్రాలో డోలక్ వాయించే బాబాయిని వెంటబెట్టుకొని పొద్దున్నే బస్సెక్కాను. బాబాయికి ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు, స్టోన్స్ పేరు కూడా నేను చెప్తేనే విన్నాడు. నేను పిలిచానని వచ్చాడు, అంతే. వాన పడి గ్రౌండంతా బురద. జనం అరుపుల్లో పక్కన ఎవరేమంటున్నారో వినపడటం లేదు. జాగర్ ఒక చివర నుంచి ఇంకో చివరకు పరుగెత్తుతుంటే నాలాంటి వాళ్ళందరూ అటే చూస్తున్నాం. బాబాయి మాత్రం పెద్ద తెర మీద డ్రమ్స్ ఎప్పుడు చూపిస్తారా అని కాచుకొని ఉన్నాడు. నాలుగైదు పాటలయ్యాక నా భుజం పట్టి గుంజి చెవిలో అరిచాడు: "ఒరే, ఆయప్ప కుడిచెయ్యి చూడు, రెండో దెబ్బకి ఎత్తేస్తాండాడు!"

డ్రమ్స్ తెలియనివాళ్ళ కోసం ఈ సంగతి కొంచెం విడమరిచి చెప్తాను, దీని మీదే నా ఉత్తరం అంతా నిలబడి ఉంది. నాలుగు లెక్కల బీట్‌లో కుడిచెయ్యి హైహ్యాట్ మీద, అంటే పక్కన ఉండే ఆ జంట తాళాల మీద, ఆగకుండా కొడుతూ పోతుంది. ఎడమచెయ్యి రెండో లెక్కకూ నాలుగో లెక్కకూ స్నేర్ మీద, అంటే ముందుండే చిన్న డ్రమ్ము మీద, పడుతుంది. మామూలుగా అందరం ఆ రెండు చోట్లా రెండు చేతులూ కలిపే వేస్తాం. ఆ రోజు బాబాయి చూసిన స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ అట్లా వేయడు. స్నేర్ పడే క్షణంలో ఆయన కుడిచెయ్యి గాల్లోకి లేస్తుంది, తాళం మోగదు, స్నేర్ దెబ్బ ఒక్కటే ఒంటరిగా పడుతుంది. దానివల్ల ఆ దెబ్బకు చుట్టూ కాస్త ఖాళీ వస్తుంది, పాట నడకలో ఒక తూగు వస్తుంది. ఇంకొకటి, ఏ బ్యాండులో అయినా అందరూ డ్రమ్మర్‌ను పట్టుకొని నడుస్తారు, స్టోన్స్‌లో డ్రమ్మర్ కీత్ గిటార్‌ను పట్టుకొని నడుస్తాడు, అందుకే వాళ్ళ పాట ఎప్పుడూ కొంచెం వెనక్కి వాలినట్టు, పడిపోతుందేమో అనిపించి పడకుండా సాగుతుంది. ఇంగ్లిష్ రాని మా బాబాయి, ఏ పుస్తకమూ చదవకుండా, అంత వానలో అంత దూరం నుంచి కుడిచెయ్యి సంగతి పట్టేశాడు. తిరుగు బస్సులో తెల్లారేదాకా సీటు వెనక రేకు మీద అదే వాయిస్తూ వచ్చాడు. అనంతపురంలో దిగి ఉగ్గాని బజ్జీ తింటూ కూడా బల్ల మీద అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2005 తర్వాత స్టోన్స్ కొత్త పాటలతో ఆల్బమ్ చేయలేదు. పద్దెనిమిదేళ్ళు. మధ్యలో అక్కడొక పాట ఇక్కడొక పాట వచ్చాయి, 2016లో పాత బ్లూస్ పాటలతో, అంటే అమెరికా నల్లజాతి వాళ్ళ పాత బాణీల పాటలతో, ఒక ఆల్బమ్ వచ్చింది, అది మూడు రోజుల్లో రికార్డు చేశారు, చాలా బాగుంటుంది, కానీ సొంత పాటలు కావు. కచేరీలు మాత్రం ఆగలేదు. ఇంకా వెనక్కి పోతే 1986లో జాగర్‌కూ రిచర్డ్స్‌కూ మాటల్లేని రోజుల్లో వచ్చిన ఆల్బమ్ ఒకటుంది, అది వింటే ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చేశారని తెలిసిపోతుంది, చార్లీ కూడా అప్పుడు మందుతో, మత్తుతో అవస్థ పడుతున్నాడు. అప్పుడు వాళ్ళ వయసు నలభై దాటి ఎన్నో ఏళ్ళు కాలేదు. అంటే నీరసపడటానికి వయసే కారణం అయ్యుంటే నలభైల్లో ఎందుకు పడ్డారు, ఎనభైల్లో ఎందుకు లేచారు?

నాకు తెలిసిన కారణం వేరే ఉంది, అది మా ఆర్కెస్ట్రాలో పదేళ్ళు అనుభవించాను. పాత పాటకు చప్పట్లు వస్తుంటే కొత్త పాట ఎవరూ అడగరు. అడగనిదాన్ని సాధన చేయాలంటే చెయ్యి లేవదు. మేము 2010 నుంచి 2020 దాకా దాదాపు ఒకే లిస్టు వాయించాం, అదే వరస, అదే ఎత్తుగడ, అదే ముక్తాయింపు. ఎవరికీ చేతకాక కాదు. చూద్దాంలే, వచ్చే సీజన్‌కు చూద్దాంలే అనుకుంటూ పోయాం. స్టోన్స్ కూడా అంతే. బద్ధకించాం అని జాగర్ తనే పదిమంది ముందు ఒప్పుకున్నాడు. అందులోంచి ఎట్లా బయటపడ్డారో కూడా చెప్పాడు: ఒక తేదీ పెట్టుకున్నారు. 2022 క్రిస్మస్‌కు ముందు స్టూడియోలో కూర్చున్నారు, ఫిబ్రవరిలో వాలెంటైన్స్ డే కల్లా అయిపోవాలి అనుకున్నారు. ఇరవైకి పైగా పాటలు చకచకా రికార్డు చేసి అందులోంచి పన్నెండు తీసుకున్నారు. పైన పెత్తనానికి ఆండ్రూ వాట్ అనే ముప్పై రెండేళ్ళ కుర్రాడిని పెట్టుకున్నారు, వాళ్ళ మనవడి వయసు వాడు. ఆ కుర్రాడు వాళ్ళను ఊరికే కూర్చోనివ్వలేదు. అరవై ఏళ్ళుగా లోకమంతా చేతులెత్తి మొక్కుతున్న మనుషులు ముప్పై రెండేళ్ళ వాడితో ఇంకోసారి వాయించండి అనిపించుకొని మళ్ళీ వాయించారంటే, నేను వాయించేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, అది చిన్న విషయం కాదు.

కీత్ వేళ్ళకు కీళ్ళవాతం ఉంది. గిటార్ పట్టుకునే తీరే మారిందని ఆయనే చెప్పాడు. ఒక దారి మూసుకుపోతే గిటారే ఇంకో దారి చూపిస్తుందన్నట్టు చెప్పుకొచ్చాడు. నాకు మొన్న మోకాలి నొప్పి వచ్చి కిక్ పెడల్ మీద కాలు సరిగా నిలవనప్పుడు ఆ మాట ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో.

మీరు పత్రిక వాళ్ళు కాబట్టి ఇది మీకు నచ్చుతుంది. ఈ ఆల్బమ్ వస్తోందని వాళ్ళు మొదట ఎక్కడ తెలియజేశారో తెలుసా? 2023 ఆగస్టులో, తూర్పు లండన్‌లోని 'హాక్నీ గెజెట్' అనే లోకల్ పత్రికలో, ఒక ప్రకటన. అద్దాలు బాగుచేసే షాపు ప్రకటనలాగా వేశారు, స్థాపితం 1962 అని పెట్టారు, వాళ్ళ పాత పాటల పేర్లు ఆ ప్రకటన మాటల్లోనే కలిపేశారు. హాక్నీ డైమండ్స్ అంటే అక్కడి వీధి భాషలో దొంగలు కారు అద్దం పగలగొట్టి పోతే రోడ్డు మీద మిగిలే గాజు పెంకులు. ప్రపంచంలో ఏ టీవీకి చెప్పినా ఎగిరి గంతేసి వేసుకునే వార్తను ఒక పేట పత్రికలో చిన్న ప్రకటనగా ఇచ్చారు. మా జిల్లా ఎడిషన్ చివరి పేజీలో బోర్‌వెల్ ప్రకటనల పక్కన వేసినట్టు అనుకోండి. స్థానిక పత్రికకు వాళ్ళిచ్చిన ఆ మర్యాద చూసైనా మన పత్రిక వాళ్ళకు ఇంకో నాలుగు వాక్యాలు ఇవ్వాల్సింది.

ఆల్బమ్ అంతా గొప్పగా ఉందని నేను అనను. మొదటి పాటలో డ్రమ్స్ మరీ నున్నగా ఉన్నాయి, చెక్కీ చెక్కీ గరుకంతా పోగొట్టారు. మధ్యలో రెండు మూడు పాటల్లో మాటలు పేలవంగా ఉన్నాయి, గుర్తుండవు. మొత్తం ధ్వనే కొంచెం ఎక్కువ గట్టిగా, చెవిని మోదినట్టు ఉంది, ఈకాలం రికార్డింగులకు ఉన్న జబ్బే ఇది. ఆ ఏడాది పోటీలో ఉన్నవాటిలో జాక్ వైట్ ఆల్బమ్ నాకు ఇంతే నచ్చింది, అవార్డు దానికిచ్చినా గొడవపడేవాణ్ణి కాదు. పెద్ద పెద్ద అతిథులు వచ్చారు కాబట్టి నడిచిందనే వాళ్ళున్నారు. వచ్చారు, నిజమే. బీటిల్స్ గొప్పా స్టోన్స్ గొప్పా అని జనం ఒకప్పుడు కొట్టుకునేవాళ్ళు, ఆ బీటిల్స్‌లోని పాల్ మెకార్ట్నీ ఇందులో ఒక పాటకు బేస్ గిటార్ వాయించాడు. ఎల్టన్ జాన్ పియానో వాయించాడు, మనకు పాటగాడిగా తెలిసినాయన అక్కడ వెనక కూర్చొని తాళానికి తోడు పోయాడు. ఇదంతా పక్కన పెట్టినా పాటలు నిలబడతాయి.

ఏడు నిమిషాలు దాటే పాట ఒకటుంది, 'స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్' అని. స్టీవీ వండర్ కీబోర్డు, లేడీ గాగా గొంతు. పాట ఊపందుకొని, పైకి పోయి, ముక్తాయింపు పడి ఆగిపోతుంది. అయిపోయిందనుకుంటాం. ఒక్క క్షణం తర్వాత మెల్లగా పియానో మళ్ళీ కదులుతుంది, ఒకరి తర్వాత ఒకరు చేరుతారు, ఇంకో ఊపు వస్తుంది. మా చెక్కభజనలో చూశాను ఇది. చివరి గెంతు అయిపోయి చెక్కలు దించేశాక గురువు ఊరికే ఒక్కసారి చెక్క తడతాడు, అంతే, మళ్ళీ అందరూ లేస్తారు. ఆ రెండో ఊపు ఎవరూ ముందు అనుకొని చేసేది కాదు. ఒంట్లో ఇంకా ఉంటేనే వస్తుంది.

ఇక చార్లీ. ఆయన 2021 ఆగస్టు 24న పోయాడు, ఎనభై ఏళ్ళకు. 1963 నుంచి ఒకే కుర్చీ. ఆయన ఆరోగ్యం బాగాలేనప్పుడు తన చోట స్టీవ్ జోర్డాన్‌ను కూర్చోబెట్టమని ఒప్పుకున్నది ఆయనే. అందుకని జోర్డాన్ వాయించినదానికి నేను వంక పెట్టను, బాగా వాయించాడు, ఆయన ఉద్దేశం నిలబెట్టాడు. కానీ ఈ ఆల్బమ్‌లో రెండు పాటలకు చార్లీయే వాయించాడు, 2019లో రికార్డు చేసి పెట్టుకున్నవి. 'మెస్ ఇట్ అప్', 'లివ్ బై ద స్వోర్డ్'. రెండో పాటకు, ముప్పై ఏళ్ళ కింద బ్యాండు వదిలేసి పోయిన బిల్ వైమన్‌ను పిలిపించి బేస్ వాయింపజేశారు, పాత జంట కదా, చార్లీ కాలు, వైమన్ వేళ్ళు. పోయిన మనిషి వాయింపు చుట్టూ మిగిలినవాళ్ళు కూర్చొని పాట పూర్తి చేశారు.

మా డోలక్ బాబాయి కూడా 2021లోనే పోయాడు, మే నెలలో, సెకండ్ వేవ్‌లో. ఆసుపత్రిలో మంచం దొరకడానికి ఒకటిన్నర రోజు పట్టింది, దాని గురించి ఇక్కడ రాయను. ఆ తర్వాత మా ప్రోగ్రాముల్లో డోలక్ కుర్చీ ఖాళీగా ఉంచాం కొన్నాళ్ళు, ఆ వాయింపు నేను ప్యాడ్ మీద వేసేవాణ్ణి. ప్యాడ్‌లో డోలక్ శబ్దం ఉంటుంది. నొక్కితే వస్తుంది. బాబాయి మధ్యవేలితో కొంచెం ఆలస్యంగా తట్టే ఆ తడి మాత్రం రాదు. నా దగ్గర ఆయన వాయించింది ఒక్కటే ఉంది, ధర్మవరంలో ఒక రిసెప్షన్‌లో నా పాత ఫోన్‌లో పట్టుకున్నది, రెండు నిమిషాల నలభై సెకన్లు, మధ్యలో ఎవరో భోజనాలకు రండి అని మైకులో పిలుస్తారు. పోయిన ఏడాది ఉగాదికి మేము కూడా ఒక తేదీ పెట్టుకొని నాలుగు కొత్త పాటలు తయారుచేశాం. అందులో ఒకటి ఆ రెండు నిమిషాల నలభై సెకన్ల నడక మీద కట్టాం. జనం ఏమనుకున్నారో తెలియదు, ముందు వరసలో బాబాయి భార్య కూర్చొని ఉంది, ఆమె వేళ్ళు చీర కుచ్చెళ్ళ మీద కదలడం నేను స్టేజీ మీద నుంచి చూశాను.

అందుకే పాత చింతకాయ పచ్చడి అనే మాట నాకు అంత గుచ్చుకుంది.

ఇంకొక్కటి, ఇది స్టోన్స్ గురించి కాదు, మన గురించి. మన జిల్లాలో ఉరుముల కళాకారులున్నారు. ఆ వాద్యం ఒక పక్క వంకర పుల్లతో రాపిడి చేస్తే నిజంగానే మబ్బు ఉరిమినట్టు వస్తుంది. మీ జిల్లా పేజీలో ఏడాదికి ఒకసారో రెండుసార్లో వాళ్ళ ఫొటో వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కింద 'అంతరించిపోతున్న కళ' అనే రాస్తారు. ఆ రోజు వాళ్ళు ఏం వాయించారు, ఎవరు బాగా వాయించారు, ఎక్కడ తాళం తప్పింది, పోయిన ఏడాది కంటే ఏం కొత్తగా చేశారు, ఇవేవీ ఉండవు. నాకు తెలిసిన ఒక ఉరుముల పెద్దాయన ఆ ఫొటో కత్తిరించి దాచుకున్నాడు, కింద రాసింది మాత్రం కనపడకుండా లోపలికి మడిచి పెట్టాడు. లండన్ వాళ్ళనైనా మన ఊరి వాళ్ళనైనా మీరు రాసేటప్పుడు, వాళ్ళు చేసిన పని గురించి ఒక్క వాక్యం ముందు రాసి, వయసు గురించి ఆ తర్వాత రాయండి. నేను అడిగేది అంతే.

ఆల్బమ్‌లో చివరి పాటతో ముగిస్తాను. అందులో డ్రమ్స్ లేవు, బేస్ లేదు, అతిథులు లేరు. జాగర్ గొంతు, మౌత్ ఆర్గాన్, కీత్ గిటార్. అమెరికా బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1950లో చేసిన పాట అది, బ్యాండుకు పేరు వచ్చిందే దాని నుంచి. 1961లో డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో కీత్‌కు జాగర్ కనపడినప్పుడు జాగర్ చేతిలో ఉన్న రికార్డుల్లో మడ్డీ వాటర్స్‌ది కూడా ఉంది, అక్కడే మాటలు కలిశాయి. అరవై ఏళ్ళలో ఆ పాటను ఒక్కసారి కూడా రికార్డు చేయలేదు, ఇప్పుడు చేశారు.

ఈ ఉత్తరం వేస్తారో లేదో మీ ఇష్టం, పెద్దదైందని కత్తిరించినా ఏమీ అనుకోను. ఒక్క సాయం చేయండి. ఆ రెండు వాక్యాలు రాసినాయనకు 'మెస్ ఇట్ అప్' వినమని చెప్పండి, ఫోన్ స్పీకర్‌లో కాదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని. పాట మాటలు వదిలేసి తాళాల శబ్దం ఒక్కటే పట్టుకోమనండి. రెండో లెక్క దగ్గర అది ఆగుతుంది.

ఇట్లు,
ఒక ఆక్టాప్యాడ్ కళాకారుడు,
అనంతపురం.